బుకింగ్ యాప్ అందరూ చేస్తారు.. మీరు ఎవర్ని అడిగి చేశారు?

'ఫైనలియర్ ప్రాజెక్ట్ ఏం చేశారు?' అని ఇంటర్వ్యూలో అడుగుతారు. 'ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ బుకింగ్ సిస్టమ్ సార్' అంటారు మీరు. మీకంటే ముందు లోపలికి వెళ్లినవాళ్లలో ఇద్దరు ముగ్గురు అదే చెప్పి ఉంటారు. డాక్టర్ బుకింగ్, సెలూన్ బుకింగ్, టర్ఫ్ బుకింగ్.. పేరు మారుతుందంతే, లోపల సరుకు ఒకటే. ఒక లాగిన్ పేజీ, ఒక క్యాలెండర్, ఒక 'బుక్ నౌ' బటన్, వెనకాల నాలుగు టేబుళ్లు. ఇప్పుడు దీనికి తోడు ఇంకో చిక్కు వచ్చిపడింది. ఏఐ టూల్‌ని అడిగితే ఇదంతా ఒక్క మధ్యాహ్నంలో చేసి పెడుతోంది. మరి మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలి?

ఈ ప్రశ్నకు నాకు జవాబు నేర్పింది ఒక డాగ్ ట్రైనర్. నవ్వకండి. కుక్కలకు విడిగా క్లాసులు చెప్పే మనిషి టైమ్‌టేబుల్‌ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం ఎంత కష్టమో తెలిస్తే, రేపటి ఉద్యోగ మార్కెట్లో దేనికి విలువ ఉంటుందో చాలావరకు అర్థమవుతుంది.

తొమ్మిది రోజులు బతికిన యాప్

2021 చివరి మాట. బీటెక్ అయిపోయింది, చేతిలో ఆఫర్ లేదు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఒక ట్రైనర్ అన్న వచ్చేవాడు. కొవిడ్ టైమ్‌లో ఇంట్లో కూర్చుని కుక్కపిల్లల్ని తెచ్చుకున్నవాళ్లంతా ఆయన్ను పిలిచేవాళ్లు. గ్రూప్ క్లాసులు కావు, ఒక్కో ఇంటికి వెళ్లి ఒక్కో కుక్కకు గంట చొప్పున పర్సనల్ క్లాస్. రోజుకు ఐదారు ఇళ్లు. లెక్కలన్నీ ఒక పాత డైరీలో, మిగతాదంతా వాట్సాప్‌లో. 'అన్నా, నీకొక యాప్ చేసిస్తా' అన్నాను. 'చెయ్ తమ్మీ' అన్నాడు. పది రోజుల్లో చేసేశాను. చూడ్డానికి బాగానే ఉంది. తొమ్మిది రోజులు వాడాడు, మళ్లీ డైరీ తీశాడు.

మూడో రోజే ఫోన్ వచ్చింది. యాప్‌లో ఐదు నుంచి ఆరు కూకట్‌పల్లి, ఆరు నుంచి ఏడు గచ్చిబౌలి బుక్ అయ్యాయి. స్లాట్ ఖాళీగా ఉంది కాబట్టి నా యాప్ ఇచ్చేసింది. 'తమ్మీ, నీ యాప్‌ల నేను ఖాళీగనే కనవడ్తున్న గని, ఆరింటికి ఆ ట్రాఫిక్‌ల నేనేమన్న ఎగిరిపోతనా?' అన్నాడు. నేను కాలాన్ని మాత్రమే టేబుల్‌లో పెట్టాను. ఆయన పనిలో కాలం ఎంతో, దూరం అంత. డైరీలో ఆయన సోమ, గురువారాలు కూకట్‌పల్లి వైపు, మంగళ, శుక్రవారాలు గచ్చిబౌలి వైపు అని ముందే విడగొట్టుకునేవాడు. ఆ సంగతి నేను అడగలేదు. ఆయనకు అది చెప్పాల్సిన విషయమని కూడా తోచలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. తొమ్మిది వారాల ల్యాబ్ పిల్ల ఉన్న ఒక కుటుంబం బుక్ చేసుకుంది. నా యాప్‌ది 'ముందొచ్చినవాళ్లకు ముందు' పద్ధతి. అప్పటికే అందరూ నెల స్లాట్లు పట్టుకున్నారు కాబట్టి వాళ్లకు నాలుగు వారాల తర్వాత డేట్ వచ్చింది. అంటే పిల్లకు పదమూడు వారాలు నిండాక! అన్నకు ఆలస్యంగా తెలిసి తల పట్టుకున్నాడు. కుక్కపిల్ల కొత్త మనుషుల్ని, శబ్దాల్ని, ఇతర కుక్కల్ని భయం లేకుండా అలవాటు చేసుకోవడానికి పుట్టిన మొదటి మూడు నెలలూ అన్నిటికంటే ముఖ్యమైన కాలం. అమెరికాలోని పశువైద్యుల సంస్థ 'అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్' కూడా ఇదే చెబుతుంది. ఏడెనిమిది వారాల వయసులోనే క్లాసులు మొదలుపెట్టొచ్చనీ, దానికి కనీసం ఏడు రోజుల ముందు మొదటి విడత టీకాలు పడి ఉండాలనీ దాని సూచన. అన్న వెళ్లేసరికి ఆ పిల్ల కాలింగ్ బెల్ మోగితే సోఫా కిందకు దూరుతోంది. అంతా నా యాప్ వల్లే అనలేను. కానీ డైరీ అయి ఉంటే, వయసు చూసి ఎవరినో ఒకరిని బతిమాలి, ఆ వారంలోనే ఒక అరగంట ఇరికించేవాడు. నా సాఫ్ట్‌వేర్‌లో కుక్క పుట్టిన తేదీకి కాలమ్ కూడా లేదు.

ఇదే పని.. బిలియన్ డాలర్ల వ్యాపారం

స్లాట్లు బుక్ చేయడం చిన్న పనేం కాదని కంపెనీల చరిత్ర చెబుతుంది. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టిన టోపే అవోటోనా అమెరికాలోని అట్లాంటాలో 2013లో క్యాలెండ్లీ పెట్టాడు. మీటింగ్ టైమ్ కుదుర్చుకోవడానికి పది మెయిల్స్ నడిచే బాధను ఒక లింక్‌తో తీర్చడమే దాని పని. 2021 జనవరిలో పెట్టుబడి తీసుకున్నప్పుడు దాని విలువను 300 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. ఫిట్‌నెస్, యోగా క్లాసుల బుకింగ్ చూసే అమెరికా కంపెనీ మైండ్‌బాడీని 2019లో విస్టా అనే పెట్టుబడి సంస్థ 190 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

మనకు దగ్గరి ఉదాహరణ జెనోటి. సెలూన్లు, స్పాల అపాయింట్‌మెంట్లు, బిల్లింగ్, సిబ్బంది లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఇది. 2010లో మొదలైంది. హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. 2020 డిసెంబరులో వంద కోట్ల డాలర్ల విలువ దాటి యూనికార్న్ అయింది. వ్యవస్థాపకుడు సుధీర్ కోనేరు మైక్రోసాఫ్ట్‌లో చేసిన మనిషి. తర్వాతి కాలంలో స్పా, ఫిట్‌నెస్ వ్యాపారంలోకి దిగితే దాన్ని నడపడానికి సరైన సాఫ్ట్‌వేర్ దొరకలేదు. అలా పుట్టిందే జెనోటి. ఈ వరుస గుర్తుపెట్టుకోండి. ముందు వ్యాపారం నడిపి చూశారు, తర్వాత సాఫ్ట్‌వేర్ రాశారు. నేను చేసింది దీనికి సరిగ్గా తలకిందులు.

కుక్కల విషయంలోనూ ఇంతే. డే కేర్, బోర్డింగ్, ట్రైనింగ్ సెంటర్ల కోసం అమెరికాలో జింజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. పెట్ గ్రూమింగ్ వాళ్ల కోసం మోగో ఉంది. అందరికీ పనికొచ్చే క్యాలెండర్ ఊరికే దొరుకుతున్న రోజుల్లో ప్రత్యేకంగా వీటికి డబ్బు ఎందుకు కడుతున్నారు? టీకాల రికార్డు, కుక్క స్వభావం, ప్యాకేజీ లెక్క.. ఇవి మామూలు క్యాలెండర్‌కు తెలియవు కాబట్టి. ఇలా ఒక్క వృత్తి కోసమే చేసే సాఫ్ట్‌వేర్‌ను 'వర్టికల్ సాస్' అంటారు. ఇంటర్వ్యూలకు వెళ్లే ముందు ఈ మాట తెలిసుండాలి.

ఒక్క క్లాసు వెనక ఎన్ని లెక్కలు

నా యాప్ పోయాక అన్నతో పాటు వారం రోజులు ఇళ్లకు తిరిగాను. నోట్ చేసుకున్నవాటిలో కొన్ని చెబుతాను. ఒక్కోటీ మీ ప్రాజెక్టులో ఒక ఫీచర్, ఒక టెస్ట్ కేస్, ఇంటర్వ్యూలో ఒక మంచి సమాధానం అవుతుంది.

ఒకే స్లాట్, ఇద్దరు మనుషులు: ఆదివారం ఉదయం ఏడు గంటల స్లాట్‌కి ఇద్దరు ఒకే క్షణంలో 'బుక్' నొక్కారు. 'ఖాళీగా ఉందా' అని కోడ్‌లో చెక్ చేసి తర్వాత సేవ్ చేస్తే, ఇద్దరికీ 'ఖాళీయే' అని వచ్చి ఇద్దరికీ బుక్ అయిపోతుంది. దీన్ని డేటాబేస్ స్థాయిలోనే ఆపాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అని ఒకటుంది. ఒకే ట్రైనర్‌కు రెండు బుకింగ్‌ల టైమ్ ఏమాత్రం కలిసినా రెండోదాన్ని అది తిప్పి కొడుతుంది. ఆ టైమ్‌లోకి ప్రయాణానికి పట్టే నిమిషాలు కూడా కలిపితే కూకట్‌పల్లి గొడవ సగం తీరినట్టే.

ఆలస్యంగా వచ్చిన డబ్బు: స్లాట్‌ని పది నిమిషాలు పట్టి ఉంచి, ఆలోపు డబ్బు కట్టమంటారు. కస్టమర్ యూపీఐలో కట్టాడు, బ్యాంక్ దగ్గర 'పెండింగ్'లో ఉంది. పది నిమిషాలు దాటాయి, స్లాట్ వదిలేశాం, వేరేవాళ్లు తీసుకున్నారు. పన్నెండో నిమిషంలో 'సక్సెస్' అని వచ్చింది. ఇప్పుడేం చేస్తారు? రీఫండా, వేరే స్లాటా? అదే పేమెంట్ మెసేజ్ గేట్‌వే నుంచి రెండుసార్లు వస్తే రెండు క్లాసులు జమ చేస్తారా? కోడ్ రాసే ముందే ఇవి తేల్చుకోవాలి.

రద్దు చేస్తే ఎవరికి నష్టం: ఎనిమిది క్లాసుల ప్యాకేజీ. 24 గంటల ముందు చెప్తే క్లాసు మిగులుతుంది, తర్వాత చెప్తే పోయినట్టే. వినడానికి న్యాయంగానే ఉంది, నేనూ అలాగే రాశాను. కానీ పొద్దున్నే కుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే? క్లాసు పోతుందని యజమాని ఆ సంగతి దాచిపెట్టి ట్రైనర్‌ను రానిస్తాడు. పార్వో లాంటి వైరస్ బూట్లకు, బట్టలకు అంటుకుని వెళ్తుంది. అన్న నేరుగా ఇంకో కుక్కపిల్ల ఉన్న ఇంటికి వెళ్తే దాన్ని తనే మోసుకెళ్లినట్టు. అందుకే అనారోగ్యం అని చెప్తే ఎంత ఆలస్యంగా చెప్పినా క్లాసు పోదన్నది అన్న నియమం. పైకి చూస్తే మెతకతనం, లోపల చూస్తే జాగ్రత్త. సాఫ్ట్‌వేర్‌లో మీరు పెట్టే ఒక్క నియమం మనుషుల్ని నిజం చెప్పేలా చేస్తుంది, లేదా అబద్ధం చెప్పేలా చేస్తుంది. దీన్ని సిలబస్‌లో ఎక్కడా చూడలేదు నేను.

ఎండాకాలం టైమ్‌టేబుల్: మే నెలలో మధ్యాహ్నం తారు రోడ్డు మీద కుక్క పాదాలు కాలిపోతాయి. వీధిలో నడిపించే క్లాసు పొద్దున్నే అయిపోవాలి, లేదంటే పొద్దువాలాక పెట్టాలి. ఇంట్లోపల చెప్పే క్లాసు అయితే పర్లేదు. అంటే ఏ టైమ్ ఖాళీ అన్నది నెలను బట్టి, క్లాసు రకాన్ని బట్టి మారుతుంది.

న్యూజెర్సీ క్లాసు: కొన్నాళ్లకు అన్న వీడియో కాల్‌లో కూడా క్లాసులు మొదలుపెట్టాడు. న్యూజెర్సీలో ఉన్న ఒక తెలుగు కుటుంబానికి ప్రతి శనివారం రాత్రి 8.30కి. చలికాలంలో అది మనకు ఆదివారం ఉదయం 7 గంటలు. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పటి నుంచి అది మనకు ఉదయం 6 అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ 7. 'ప్రతి ఆదివారం 7' అని భారత కాలమానంలో సేవ్ చేసుకుంటే ఏడాదికి రెండుసార్లు తలనొప్పే. కస్టమర్ ఊరి టైమ్‌తో పాటు టైమ్ జోన్ పేరు కూడా దాచుకుని, ప్రతి క్లాసుకూ విడిగా లెక్కకట్టాలి.

గేట్ కోడ్ ఎవరికి తెలియాలి: ఇంటి అడ్రస్, గేట్ పాస్‌కోడ్, ఇంట్లో ఎవరూ ఉండని వేళలు, ఆ కుక్క ఎవరినైనా కరిచిందా.. ట్రైనర్‌కు ఇవన్నీ కావాలి. దొంగకూ ఇవే కావాలి! డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, అవసరమైనంతే తీసుకుని, పని అయ్యాక తీసేయడం ఇక మర్యాద కోసం చేసేది కాదు, చట్టం అడిగేది. గేట్ కోడ్ క్లాసుకు గంట ముందు మాత్రమే ట్రైనర్‌కు కనిపించేలా పెట్టండి. చిన్న ఫీచరే, కానీ ఆలోచించారని తెలుస్తుంది.

ఏఐ ఏం తీసుకెళ్లింది, ఏం మిగిల్చింది

ఇప్పుడు అసలు భయం దగ్గరికొద్దాం. 2025 ఫిబ్రవరిలో ఆంద్రె కర్పాతీ 'వైబ్ కోడింగ్' అన్న మాట వాడాడు. మామూలు భాషలో చెప్తే ఏఐ కోడ్ రాసిపెట్టడం అన్నమాట. అదే ఏడాది జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, సీనియర్ స్థాయిలవాళ్లే. కంపెనీ చెప్పిన కారణం ఏఐ కాదు, నైపుణ్యాలకూ పనికీ పొంతన కుదరకపోవడం. ఏ మాటైనా మీకు తెలియాల్సింది ఒకటే. వేల మందిని ఒకేసారి తీసుకుని, ఆర్నెల్లు ట్రైనింగ్ ఇచ్చి, బెంచ్ మీద కూర్చోబెట్టే పద్ధతిని నమ్ముకుని నాలుగేళ్లు గడపడం ప్రమాదం.

బుకింగ్ యాప్‌నే తీసుకోండి. లాగిన్, క్యాలెండర్, మెయిల్ రిమైండర్.. వీటికి ఇక విలువ లేదు. గూగుల్ క్యాలెండర్‌లోనే అపాయింట్‌మెంట్ పేజీ దొరుకుతోంది. మరి నేను పైన చెప్పిన నియమాల సంగతి? నిజాయతీగా చెప్పాలంటే, గట్టిగా అడిగితే ఏఐ వీటిలో చాలావరకు తనే సూచిస్తుంది. టైమ్ జోన్, డబుల్ బుకింగ్, పేమెంట్ చిక్కులు దానికి బాగా తెలుసు. కానీ మన అన్న సోమవారం ఏ వైపు తిరుగుతాడో, కరిచే కుక్క క్లాసు తర్వాత అరగంట గ్యాప్ ఎందుకు పెట్టుకుంటాడో, ఏ కస్టమర్‌కు నియమం సడలిస్తాడో అది చెప్పలేదు. ఆ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు, ఆయన తలలో ఉంది. దాన్ని బయటికి తీసి, రాసి, పనికొచ్చే నియమంగా మార్చే మనిషి కావాలి. ఏఐ వల్ల కోడ్ చౌక అయింది కాబట్టే ఈ పని విలువ పెరిగింది.

అలాగని రేపే స్టార్టప్ పెట్టేయమని నేను అనడం లేదు. మన దగ్గర చిన్న వ్యాపారులు సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా డబ్బు కట్టడం అంత తేలిక కాదు. మీ పోటీ క్యాలెండ్లీతో కాదు, వాట్సాప్‌తో, పది రూపాయల పెన్నుతో. అన్న కూడా నాకు పైసా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆయన దగ్గర నాకు దక్కింది వేరే.

ఏ ఉద్యోగాలు చూడాలి

హైదరాబాద్‌లో జెనోటి ఉంది, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ చేసే డార్విన్‌బాక్స్, కేకా ఉన్నాయి. చెన్నైలో జోహో ఉంది, అక్కడే 2010లో మొదలై 2021లో నాస్‌డాక్‌లో లిస్టయిన ఫ్రెష్‌వర్క్స్ ఉంది. ఇలాంటి ప్రొడక్ట్ కంపెనీల్లో డెవలపర్ పోస్టు ఒక్కటే ఉండదు. కొత్త కస్టమర్ దగ్గర సాఫ్ట్‌వేర్‌ను వాళ్ల పనికి తగ్గట్టు అమర్చే ఇంప్లిమెంటేషన్ కన్సల్టెంట్, వాడకంలో తోడుండే కస్టమర్ సక్సెస్, ప్రొడక్ట్ సపోర్ట్, టెస్టింగ్, బిజినెస్ అనలిస్ట్.. వీటన్నిటికీ ముందు కావాల్సింది ఎదుటివాళ్ల పని అర్థం చేసుకునే ఓపిక. వీటిలో కొన్నిటికి బీకాం, బీబీఏ, బీఎస్సీవాళ్లూ ప్రయత్నించొచ్చు. తెలుగులో ఒక చిన్న వ్యాపారితో గంటసేపు మాట్లాడి ఆయన చిక్కేంటో పట్టుకోగలగడం ఇక్కడ నిజమైన నైపుణ్యం. ఇంగ్లిష్ రాదని దిగులుపడే మిత్రులు ఈ మాట రెండుసార్లు చదవండి.

ఈ సెమిస్టర్‌లోనే చేయండి

మీ ఊళ్లో కుక్కల ట్రైనర్ ఉండకపోవచ్చు. సంగీతం టీచర్, డ్రైవింగ్ స్కూల్, ఫిజియోథెరపిస్ట్, బ్లౌజులు కుట్టే అక్క, ట్రాక్టర్ అద్దెకిచ్చే బాబాయ్.. టైమ్‌ను అమ్ముకుని బతికేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఒకరిని ఎంచుకోండి. మొదటి వారం ల్యాప్‌టాప్ తెరవొద్దు. వాళ్లతో ఉండండి, డైరీ చూపించమని అడగండి. డైరీలో కొట్టివేతలు ఎక్కడున్నాయో చూడండి, అసలు నియమాలన్నీ ఆ కొట్టివేతల దగ్గరే ఉంటాయి. 'ఇది ఎందుకు మార్చారు?' అని ఒక్కోదానికీ అడిగి రాసుకోండి. ఇరవై నియమాలు పోగయ్యాక వాటిలో అతి ముఖ్యమైన ఐదింటితో చిన్న యాప్ చేయండి. ఏఐ సాయం తీసుకోండి, దాచిపెట్టకండి. నెల రోజులు వాళ్ల చేత వాడించండి. ఎక్కడ విసుక్కున్నారో, ఎక్కడ మళ్లీ డైరీ తీశారో తేదీలతో రాయండి. వాళ్ల కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం మీ రిపోర్టులోకి, గిట్‌హబ్‌లోకి రానివ్వకండి.

రెజ్యూమెలో 'రియాక్ట్, నోడ్‌తో బుకింగ్ యాప్ చేశాను' అని రాస్తే వందమందిలో ఒకరు. 'ఇళ్లకు వెళ్లి క్లాసులు చెప్పే ట్రైనర్ కోసం యాప్ చేశాను. ప్రయాణ సమయం లెక్కలోకి తీసుకోక మొదటిసారి విఫలమైంది. రెండోసారి మార్చిందేంటంటే..' అని రాస్తే అవతలి మనిషి చదవడం ఆపి మిమ్మల్ని చూస్తాడు.

నా విషయంలో అదే జరిగింది. 2022లో ఒక ప్రొడక్ట్ కంపెనీ ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు ఉంటే, ముప్పై నిమిషాలు ఆ ఓడిపోయిన యాప్ గురించే మాట్లాడుకున్నాం. 'క్యాన్సిలేషన్ రూల్ ఎందుకు మార్చావు?' అని అడిగారు. పార్వో గురించి, బూట్ల గురించి చెప్పాను. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు అన్నకు ఫోన్ చేస్తే, 'మంచిగైంది తమ్మీ. మరి ఆ యాప్ ఎప్పుడు జేస్తవ్ మల్ల?' అన్నాడు. రెండో వెర్షన్‌లో నేను మొట్టమొదట పెట్టిన కాలమ్ కుక్క పుట్టిన తేదీ. మూడు నెలల లోపు పిల్ల అయితే ఆ బుకింగ్ ఎర్ర రంగులో పైన కనిపిస్తుంది. దాన్ని ఎక్కడ ఇరికించాలో మాత్రం ఇప్పటికీ అన్నే చూసుకుంటాడు.